టెస్టింగ్ గడిలో ఆగిన కార్డులు

పొద్దున తొమ్మిదిన్నరకి పదిహేను నిమిషాల మీటింగు. రోజు మొత్తంలో నన్ను ఎవరైనా పేరు పెట్టి పిలిచేది ఆ పదిహేను నిమిషాల్లోనే. అది పోయినప్పుడు నేనేం చేశానో రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను. చేసింది మంచి పని కాదు కాబట్టి ఇంతకాలం వాయిదా వేశాను.

నేను సాఫ్ట్‌వేర్ టెస్టర్‌ని. వేరేవాళ్ళు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టుకోవడం నా ఉద్యోగం. తప్పులు పట్టే బుద్ధి నాకు పుట్టుకతోనే వచ్చిందనీ, దానికి జీతమిచ్చేవాళ్ళు తర్వాత దొరికారనీ మా అన్న వెక్కిరిస్తాడు. ఆఫీసు బెంగళూరులో ఉండేది. ఇక రానక్కర్లేదు, ఇళ్ళ నుంచే పని చేసుకోండి అని కంపెనీ చెప్పాక నేను అనంతపురం దగ్గరి గార్లదిన్నె వచ్చి, రోడ్డు పక్కన ఒక మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకున్నాను. పుట్టింది శింగనమల వైపు. అక్కడ అన్నావదినల ఇంట్లో చోటు లేదని కాదు. నా కోసం వాళ్ళు సర్దుకుని చోటు చేయాలి. అది నాకు నచ్చదు. పెళ్ళి అయిదేళ్ళు నడిచి ఆగిపోయింది. దాని గురించి ఇక్కడ రాయబోవడం లేదు.

మేడ మీదికి గాలి తప్ప ఎవరూ రారు. గాలి మాత్రం ధారాళంగా వస్తుంది, ఎర్రదుమ్ము వెంటేసుకుని. కిటికీలోంచి వేరుశనగ చేను కనిపిస్తుంది. వాన పడిన ఏడు అది చేను, పడని ఏడు ఉత్త నేల. కింద ఇంటివాళ్ళావిడ కుట్టుమిషను నడుపుతుంది. జాకెట్లు, పంజాబీ డ్రెస్సులు కుడుతుంది. చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళ ఆడవాళ్ళు ఆమె దగ్గరికే వస్తారు.

మా టీం అప్పట్లో స్క్రమ్ అనే పద్ధతిలో పని చేసేది. రెండు వారాలకి సరిపడే పని ముందే ఎంచుకోవాలి. ఇంత చేస్తామని అందరి ముందూ ఒప్పుకోవాలి. రోజూ పొద్దున ఫోన్లో కలిసి ఒక్కొక్కరూ మూడు ముక్కలు చెప్పాలి: నిన్న ఏం చేశాను, ఇవాళ ఏం చేస్తాను, నాకు అడ్డమేమిటి. ఈ పొద్దుటి మీటింగుని స్టాండప్ అంటారు. కూర్చుంటే కబుర్లు పెరుగుతాయి కాబట్టి నిలబడే మాట్లాడాలని నియమం. ఎవరిళ్ళలో వాళ్ళున్నాక నిలబడ్డారో పడుకున్నారో ఎవరికి తెలుస్తుంది? కెమెరాలు కూడా పెట్టుకునేవాళ్ళం కాదు. నేను మాత్రం నిలబడేదాన్ని. తొమ్మిదికల్లా తల దువ్వుకుని, ఇస్త్రీ చేసిన బట్టలు వేసుకుని, కిటికీ దగ్గర నిలబడి నా వంతు కోసం ఎదురుచూసేదాన్ని. నవ్వుకుంటే నవ్వుకోండి.

ఇళ్ళ నుంచి పని చేసే ఈ టీం ఏర్పడిన కొత్తలో ఒక తమాషా జరిగింది. నా వంతు రాగానే "మందుల పేజీ టెస్ట్ చేసినా" అని ఆపాను. అవతల ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. చివరికి ప్రోగ్రాములు రాసే మా డెవలపర్ గొంతు సవరించుకుని, "చేసినా... ఏమైందండీ?" అన్నాడు.

"ఏమీ కాలేదప్పా, చేసినా."

"అదేనండీ, చేసినా కూడా ఏమైంది?"

మా అనంతపురం వైపు 'చేసినా' అంటే చేశాను అని. పని అయింది, మాటా అయింది. ఆయనది రాజమండ్రి వైపు. వాళ్ళకి 'చేసినా' అంటే చేసినా లాభం లేకపోయిందని, అసలు సంగతి ఇంకా రావాలని. నేను ముగించిన చోట వాళ్ళంతా ఊపిరి బిగపట్టి కూర్చున్నారన్నమాట. ఆ రోజు నుంచి నా వంతు అయ్యాక ఆయన కాసేపు ఆగి, "మాట అయిందా అండీ, ఇంకా ఉందా?" అనేవాడు. అందరూ నవ్వేవాళ్ళు. నేను కోపం నటించేదాన్ని. నిజానికి ఆ వేళాకోళం కోసం ముందురోజు సాయంత్రం నుంచే ఎదురుచూసేదాన్ని.

మాది ఆస్పత్రుల్లో మందుల నిల్వ చూసుకునే సాఫ్ట్‌వేరు. ఆస్పత్రివాళ్ళకి మా రెండు వారాల పట్టింపు ఏముంటుంది? సోమవారం మేము బుద్ధిగా పని ఎంచుకుంటే బుధవారానికి ఏదో ఆస్పత్రి నుంచి ఫిర్యాదు వచ్చేది. ఒప్పుకున్న పని పక్కన పెట్టి దాని వెంట పరుగెత్తేవాళ్ళం. రెండో శుక్రవారం వచ్చేసరికి సగం పని అలాగే ఉండేది. మళ్ళీ సోమవారం మళ్ళీ అదే ఒప్పుకోలు. ఇది గమనించి మా టీం లీడ్ ఒక రోజు కొత్త పద్ధతి పెడదామంది. ఆవిడ విజయవాడ మనిషి, హైదరాబాదులో ఉంటుంది, మాట ఎంత అవసరమో అంతే.

"రెండు నెలలు కాన్‌బాన్ పద్ధతి చూద్దాం. కంప్యూటర్లో ఒక బోర్డు, దాని మీద నాలుగు గడులు. చేయాల్సినవి, చేస్తున్నవి, టెస్టింగులో ఉన్నవి, అయిపోయినవి. ఒక్కో పనికి ఒక్కో కార్డు. పని ముందుకెళ్తే కార్డు పక్క గడిలోకి జరపండి. టెస్టింగ్ గడిలో మూడుకి మించి ఉండకూడదు. ఎక్కడైనా ఆగిపోతే కార్డుకి ఎర్రగుర్తు పెట్టండి. ఇక స్టాండప్ అక్కర్లేదు, బోర్డు చూస్తే అన్నీ తెలుస్తాయి. ఎవరికైనా అభ్యంతరమా?"

ఎవరూ మాట్లాడలేదు. నేనూ నోరు విప్పలేదు. ఏమని విప్పను? నాకు మీరంతా కావాలి, పొద్దున్నే మీ గొంతులు కావాలి అని ఆఫీసు మీటింగులో ఎవరైనా అంటారా?

మొదటి సోమవారం అలవాటు కొద్దీ తయారై కిటికీ దగ్గర నిలబడ్డాను. తొమ్మిదిన్నర దాటింది, తొమ్మిదీ నలభై అయింది. నా మీద నాకే ఒళ్ళు మండి, వెళ్ళి పాత నైటీ వేసుకుని కూర్చున్నాను. సాయంత్రం పాలాయనతో "అర లీటరు" అన్నప్పుడు నా గొంతు బొంగురుగా వచ్చింది. పొద్దున్నుంచీ దాన్ని వాడలేదు మరి.

వారం తర్వాత మెట్ల దగ్గర ఇంటావిడ నన్ను ఆపింది.

"ఏమ్మా, పొద్దున్నే పైనుంచి నీ మాట ఇనపడతా ఉండె. ఈ మధ్య ఇనపడల్యా. పని పోయిందా యేమి?"

"పని ఉండాదిలే అక్కా. మాటే పోయింది."

"మాటకేమి కరువు? ఈడికి రా, నా మిషను కాడ కూసో."

వెళ్ళాను, రెండు రోజులు. జాకెట్లకి కొలతలిచ్చుకోవడానికి వచ్చినవాళ్ళందరూ నా పెళ్ళి ఏమైందని అడిగారు. మూడోరోజు మానేశాను. కానీ ఆ రెండు రోజుల్లో ఒకటి తెలిసింది. ఆమె మిషను వెనక గోడకి ఒక తీగ ఉంది. కత్తిరించిన గుడ్డలు దానికి తగిలిస్తుంది. తీగ నిండితే కొత్త గుడ్డ పట్టుకోదు. "చోటు ల్యా, ఎల్లుండి రాపో" అని పంపించేస్తుంది. రంజాను ముందు మాత్రం అందరివీ తీసుకుంటుంది, అందరికీ పండగ తేదీ ఒప్పుకుంటుంది, ఇంటిల్లిపాదినీ తిడుతూ కుడుతుంది. నేను మా ఆఫీసు రెండు పద్ధతుల సంగతి చెబితే, "అంతేనా? దానికి ఇంగ్లీషు పేర్లెందుకు? పండగ కుట్టు ఒకటి, మామూలు కుట్టు ఒకటి" అని తేల్చేసింది. మామూలు కుట్టే మేలని కూడా అంది, గుడ్డ పాడుకాదట. అయితే పండగ ముందు ఇల్లంతా మనుషులుంటారు అని నేనన్నాను. ఆమె నా వైపు ఒకసారి చూసి మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టింది.

ఆ రోజుల్లోనే ఒక కార్డు కింద, మేము రాసుకునే ఇంగ్లీషు అక్షరాల తెలుగులో, 'టెస్ట్ చేసినా' అని రాసి వదిలేశాను. పని బాగానే ఉంది. కార్డుని అయిపోయినవాటిలోకి జరపడం మరిచిపోయాను, అంతే. మర్నాడు ఫోన్ మోగింది. డెవలపర్.

"చేసినా అని రాశారు. చేసినా ఏమైందండీ? పొద్దున్నుంచీ తల బద్దలు కొట్టుకుంటున్నాను."

ఇద్దరం పగలబడి నవ్వాం. తర్వాత ఆయన వాళ్ళ గోదావరి ఎంత ఎత్తున పారుతోందో చెప్పాడు. వాళ్ళ పాప బడికి వెళ్ళనని పెట్టే పేచీ గురించి చెప్పాడు. మా వైపు మబ్బు పట్టినట్టే పట్టి గాలికి కొట్టుకుపోయిందని నేను చెప్పాను. పదకొండు నిమిషాలు. ఫోన్ పెట్టేశాక చూసుకున్నాను కాబట్టి గుర్తుంది. ఆ పూట అన్నం ఇష్టంగా తిన్నాను.

ఇక్కడితో ఆగి ఉంటే ఇది రాయాల్సిన పని ఉండేది కాదు. వారానికి మళ్ళీ 'చూసినా' అని రాసి, ఈసారి కావాలనే కార్డు జరపలేదు. ఫోన్ వచ్చింది. మూడోసారి రాలేదు. ఆయనకి నా భాష అలవాటైపోయింది. అప్పుడు కార్డుకి ఎర్రగుర్తు పెట్టాను. ఎర్రగుర్తు పడితే ఎవరో ఒకరు ఫోన్ చేసి తీరాలి, అది లీడ్ పెట్టిన నియమం. 'మందుల గడువు తేదీ సరిగ్గా రావడం లేదేమో, ఒకసారి చూస్తారా' అని రాసేదాన్ని. తేదీ శుభ్రంగా వచ్చేది. ఆయన ఫోన్ చేసేవాడు, వెతికేవాడు, ఏమీ దొరక్క "నాదే ఎక్కడో పొరపాటు అయి ఉంటుందండీ" అని క్షమాపణ చెప్పేవాడు. ఆ మాటకి నాకు సిగ్గు వేయాలి. వేయలేదు. క్షమాపణ అయ్యాక పాప కబుర్లు వస్తాయి కదా అని ఓపిగ్గా వినేదాన్ని.

టెస్టింగ్ గడిలో మూడు కార్డులకే చోటు. మూడూ నేను పట్టుకు కూర్చుంటే ఆయన నాలుగోది పంపలేడు. చేసిన పని చేతిలోనే ఉండిపోయేది. బోర్డు చూసేవాళ్ళకి మాత్రం ఆయన కార్డులన్నీ ఎర్రగా కనిపించేవి. ఇది నాకు తెలియదని అబద్ధం చెప్పను. తెలుసు. ఆలోచించకుండా ఉండడం నేర్చుకున్నాను.

రెండు నెలలు కావస్తుండగా లీడ్ ఫోన్ చేసింది.

"టీంలో అందరికన్నా కంపెనీకి పాతవారు మీరే. రెండు పద్ధతులూ పక్కపక్కన పెట్టి, దేనిలో ఏముందో పోల్చి ఒక రిపోర్టు రాయండి. మీరేది బాగుందంటే అదే ఖాయం చేద్దాం. ఇంకో విషయం, మీలోనే ఉంచుకోండి. మన రాజమండ్రి ఆయన కార్డులే ఎక్కువగా ఆగుతున్నాయి. శ్రద్ధ తగ్గిందనుకుంటున్నాను. వచ్చే నెల నుంచి వేరే టీంకి పంపేద్దామని ఉంది. మీకేమనిపిస్తోందో అది కూడా రాయండి."

ఫోన్ పెట్టేశాను. కింద మిషను ఆగుతూ ఆగుతూ నడుస్తోంది. చేలో ఎవరో మేకల్ని అదిలిస్తున్నారు. నాకు ముందు వచ్చిన ఆలోచన ఆయన గురించి కాదు. ఆయన వెళ్ళిపోతే ఇంకెవరు ఫోన్ చేస్తారు అన్నది ముందు వచ్చింది. ఉన్నదున్నట్టు రాస్తున్నాను.

రిపోర్టు మొదలుపెట్టాను. మధ్యలో గీత, అటు స్క్రమ్, ఇటు కాన్‌బాన్. స్క్రమ్ కింద: ముందే మాట ఇస్తాం, దానివల్ల అందరికీ ఒక గడువు ఉంటుంది, కానీ మా పనిలో ఫిర్యాదులు గడువు చూసి రావు కాబట్టి ఇచ్చిన మాట ప్రతిసారీ తప్పుతాం, తప్పకుండా ఉండడానికి చిన్న పనుల్నే ఒప్పుకుంటాం, చివరి రెండు రోజులు హడావిడిగా ముగించి నా నెత్తిన పడేస్తాం. కాన్‌బాన్ కింద: పని వచ్చిన వరసలో నడుస్తుంది, దొంగ ఒప్పుకోళ్ళు లేవు, ఒకరి దగ్గర పని గుట్ట పడితే వెంటనే కనిపిస్తుంది. ఇదంతా నిజమే. నేను గుర్తులు పెట్టని కార్డులు ఎంత చక్కగా వెళ్ళాయో బోర్డు మీదే ఉంది. మా పనికి కాన్‌బానే సరైనది. మిషను కుట్టుకునే అక్కకి ఒక్క నిమిషంలో తెలిసింది.

ఆ పక్కనే ఇంకో దారి కూడా నా ముందే ఉంది. 'ఈ పద్ధతిలో కార్డులు ఎక్కువగా ఆగుతున్నాయి' అని ఒక్క ముక్క రాస్తే చాలు. సాక్ష్యం బోర్డు మీదే ఉంది, నేను తయారుచేసిన సాక్ష్యం. స్క్రమ్ తిరిగొస్తుంది, తొమ్మిదిన్నర తిరిగొస్తుంది. ఎవరికీ అనుమానం రాదు. ఆ ముక్క రాశాను కూడా. రాసి, చదువుకుని, ఒక పూట అలాగే ఉంచాను. బోర్డు కార్డు ఎక్కడ ఆగిందో చూపిస్తుంది గానీ ఎందుకు ఆగిందో దానికి తెలియదు. తెలిసిన మనిషిని నేనొక్కదాన్నే. ఇన్నేళ్ళూ ఊళ్ళోవాళ్ళ తప్పులన్నీ పట్టి, నా తప్పు దగ్గరికొచ్చేసరికి కళ్ళు మూసుకుంటున్నానే అని చీదర పుట్టింది. ఆ ముక్క కొట్టేసి లీడ్‌కి ఫోన్ చేశాను.

"ఆయన పని బాగానే ఉంది. ఆ ఎర్రగుర్తులన్నీ నేనే, అడ్డం ఏమీ లేకపోయినా పెట్టినా."

"పెట్టినా అంటే?" అందావిడ.

"పెట్టాను" అన్నాను. అనుమానానికి తావు లేకుండా ఆవిడ భాషలోనే చెప్పాను.

"ఎందుకు?"

"ఎవరైనా ఫోన్ చేస్తారని."

అవతల కీబోర్డు చప్పుడు ఆగిపోయింది. తర్వాత మెల్లగా, "సరే. ఆయన సంగతి నేను చూసుకుంటాను. ఇది నేనెవరికీ చెప్పను. రిపోర్టు శుక్రవారానికి పంపండి" అంది. కోప్పడలేదు. జ్వరమొచ్చినవాళ్ళతో మాట్లాడే గొంతు అది. కోప్పడి ఉంటే బాగుండేది.

ఆయనకి నేనే చెప్పాలి కాబట్టి చెప్పాను. అంతా విన్నాడు.

"నెల పైనేనండీ," అన్నాడు చివరికి. "చేతనైనవాణ్ణేనా అని నా మీద నాకే అనుమానం వచ్చేసింది. రాసిందే మళ్ళీ మళ్ళీ చూసుకున్నాను."

"తప్పు నాదే" అన్నాను.

"పోనీలెండి," అన్నాడు. "మాట్లాడాలనిపిస్తే ఫోన్ చేయొచ్చు కదండీ. మధ్యలో కార్డెందుకు?"

ఆ మాట పట్టుకుని నేను రెండు వారాలు బతికాను. నిజమే కదా, కార్డెందుకు? ఇంత చిన్న సంగతి ఇన్నాళ్ళూ నాకెందుకు తోచలేదు? రిపోర్టు నిజాయితీగా ముగించి పంపాను. కాన్‌బానే ఉంచుకుందాం, రోజువారీ మీటింగు అవసరం లేదు, మా పనికి అది సమయం వృథా అని స్పష్టంగా రాశాను. లీడ్ పైనున్న మేనేజరు బొటనవేలు బొమ్మ పెట్టి ఒప్పుకున్నాడు. ఎర్రగుర్తులు పోయాయి. కార్డులు గడి నుంచి గడికి చకచకా వెళ్ళడం మొదలుపెట్టాయి. ఇంత సాఫీగా మా టీం ఎప్పుడూ పని చేయలేదు, ఇంత నిశ్శబ్దంగా కూడా.

రెండు వారాలయ్యాక, ఒక మంగళవారం పొద్దున, ఆయనకి ఫోన్ చేశాను. ఏం మాట్లాడాలో ముందే అనుకున్నాను. పాప బడికి వెళ్తోందా, గోదావరి ఎలా ఉంది, మా ఇంటావిడ నన్ను పట్టుకుని కాజాలు కుట్టడం నేర్పిస్తోంది, ఇలా. రెండో రింగుకే ఎత్తాడు.

"చెప్పండి, ఏ కార్డు?"

"కార్డేమీ లేదు."

"మరి?"

"ఊరికే" అన్నాను.

"ఓ, ఊరికేనా" అన్నాడు.

అనుకున్నవన్నీ ఎటు పోయాయో తెలియదు. "మీ వైపు వానలు పడుతున్నాయా?" అని అడిగాను. పడుతున్నాయన్నాడు. మీ వైపు అన్నాడు. లేవన్నాను. పాప బాగుందా అన్నాను. బాగుందన్నాడు. అవతల ఎవరో ప్లేట్లు సర్దుతున్న చప్పుడు వినిపించింది. నేను మాట కోసం వెతుక్కుంటున్నాను. ఆయనా వెతుక్కుంటున్నాడని నాకు తెలుస్తూనే ఉంది, పాపం, మంచివాడు. ఇంతకాలం పదకొండు నిమిషాలు, పన్నెండు నిమిషాలు మేం మాట్లాడుకున్నదంతా కార్డుని ఆనుకునే నిలబడిందని అప్పుడు అర్థమైంది.

"ఉంటానండీ మరి," అన్నాడు మర్యాదగా, "మీటింగ్ ఉంది."

"సరే, సరే" అని నేనే ముందు పెట్టేశాను.

మా టీంలో మీటింగులు లేవు. అక్కర్లేదని రాసింది నేనే.